పీపా కదల్లేదు

ఎర్ర పీపా చోటు తప్పిందని మా బావ కాగితం రాసిచ్చిన మర్నాడే, మా బావకి చూపు తప్పిందని రేవు ఆఫీసు తేల్చేసింది.

నేను తాళ్లవాణ్ణి. ఓడ గట్టుకి ఆనగానే దాని తాళ్లు అందుకుని ఇనప గుంజలకి బిగించడం నా పని. డ్యూటీ దిగాక రేవు కార్మికుల సంఘానికి కార్యదర్శిని. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు పీపా సంగతి. మా రేవులోకి ఓడలొచ్చే దారి సన్నం. వచ్చేటప్పుడు ఎడమ చేతివైపు నీళ్లకింద రాతి గట్టు, కుడి చేతివైపు ఇసుక మేట. రెండూ పైకి కనపడవు. రాయి ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి అక్కడ ఒక ఇనప పీపాకి ఎర్ర రంగేసి, గొలుసు తగిలించి, లంగరేసి తేలగట్టారు. కాగితాల్లో దాని పేరు మూడో నంబరు బోయ్. మాకు పీపా. రూలు ఒక్క ముక్క: లోపలికొచ్చే ప్రతి ఓడా, ప్రతి లాంచీ పీపాని ఎడమ చేతికి ఉంచుకుని రావాలి.

మా బావ పైలట్ లాంచీకి సరంగు. పైలట్ అంటే బయటి ఓడ ఎక్కి దాన్ని లోపలికి తెచ్చే పెద్దమనిషి. ఆ పెద్దమనిషిని సముద్రంలోకి తీసుకెళ్లి ఓడ ఎక్కించి, తిరిగొచ్చేటప్పుడు ఓడ ముందు నడుస్తూ దారి చూపించేది లాంచీ. ఇరవై ఆరేళ్లుగా ఆ లాంచీ చక్రం బావ చేతిలోనే ఉంది. ఇంట్లో గ్లాసు ఎక్కడ పెట్టాడో ఆయనకి గుర్తుండదు. నీళ్లకింద ఏ రాయి ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

ఆ ఏడు గాలివానొచ్చింది. గిడ్డంగి రేకులు లేచొచ్చి ఆఫీసు వరండాలో పడ్డాయి. సిగ్నల్ టవరు అద్దాలు పగిలాయి. మా సంఘం బోర్డు ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. గాలి తగ్గాక బావ లాంచీ తీసుకుని బయటికెళ్తే పీపా తన చోట లేదు. లంగరుని ఈడ్చుకుంటూ పోయి, దారికి అవతల ఇసుక మేట పక్కన తీరిగ్గా ఊగుతోంది. ఇప్పుడు రూలు ప్రకారం దాన్ని ఎడమ చేతికి ఉంచుకుని వస్తే ఓడ సరాసరి ఇసుకలో కూర్చుంటుంది.

బావ వచ్చి ఆఫీసులో నోటిమాటగా చెప్పాడు. చూస్తామన్నారు. చూస్తామంటే ఏమిటో ఇరవై ఆరేళ్ల సర్వీసున్న వాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన పీపాని నమ్మడం మానేశాడు. ఒడ్డు మీద నీళ్ల ట్యాంకు ఉంది, దాని వెనక ఇటుకబట్టీ పొగగొట్టం ఉంది. ట్యాంకు వెనక పొగగొట్టం పూర్తిగా దాక్కుందంటే లాంచీ దారికి సరిగ్గా నడుమ ఉన్నట్టు. ఆ గుర్తు పెట్టుకుని, పీపాకి తప్పు పక్కనుంచి, అంటే దాన్ని కుడి చేతికి వదిలేసి, ఓడల్ని లోపలికి తెచ్చాడు. ఒక్క ఓడకి గీత పడలేదు.

మరి పైలట్లు ఏం చేశారంటారా. పుస్తకంలో "బోయ్ ఎడమ చేతికి ఉంచి వచ్చితిమి" అని రాశారు. ఓడని మాత్రం బావ వెనకాలే తెచ్చారు. చదువుకున్నవాళ్లు.

ఇలా సాఫీగా పోతూండగా మాకు కొత్త భద్రతా సూపరింటెండెంటు వచ్చాడు. నిలువుగా, సన్నగా ఉంటాడు, రిజిస్టర్లలో గీతలు కొట్టడానికి చేతిలో ఎప్పుడూ అడుగుబద్ద. వచ్చిన వారానికే రూలుకర్ర అని పేరు పెట్టాం. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని సుళువయ్యేది. ఆయన టవరు రిజిస్టరు తిరగేసి, తప్పుల గడి నెలల తరబడి ఖాళీగా ఉందని బెంగపెట్టుకున్నాడు. తప్పులు కనపడలేదంటే చూడలేదన్నట్టే కదా, వారానికి ఒక్కటైనా ఉండాలి అని ఆర్డరు వేశాడు.

టవరులో కాపలా చూసే పెద్దాయనకి ముప్ఫై ఏళ్ల సర్వీసు. మెడలోంచి దుర్భిణి తీయడు, అందుకని ఆయన్నే దుర్భిణి అంటాం. రూలుకర్ర ఆర్డరు చూసి పాపం నాలుగు రోజులు వెతికాడు. అయిదో రోజు రాశాడు: "పైలట్ లాంచీ మూడో నంబరు బోయ్‌కి తప్పు పక్కనుంచి వచ్చినది."

బావకి మెమో వచ్చింది. పీపాయే చోటు తప్పిందని బావ జవాబు రాశాడు. పీపా చోటులోనే ఉన్నట్టు నూట నలభై మూడు రోజుల రిజిస్టరు సాక్షిగా ఉంది కనుక, సరంగు కంటి పరీక్షకి హాజరు కావాలని మర్నాడు ఆర్డరు.

ఆ ఆర్డరు పట్టుకుని బావ ఇంటికొచ్చేసరికి నేనక్కడే ఉన్నాను. మా అక్క రేవు స్టోరులో జెండాలు కుడుతుంది. ఓడలకి సైగ చేయడానికి టవరు మీద ఎగరేసేవి అన్నీ అక్క మిషను మీదనుంచి వెళ్లాల్సిందే. అంచులు మాత్రం చేత్తో కుట్టాలి. అక్కకి దగ్గరి చూపు ఆనదు. కళ్లజోడు పెట్టుకోమంటే ముక్కు మీద బరువంటుంది. అందుకని రోజూ పొద్దున్నే బావ పన్నెండు సూదుల్లో దారం ఎక్కించి ఒక గుడ్డకి గుచ్చి ఇస్తాడు. అవి అయిపోయేదాకా అక్క పని సాగుతుంది.

"ఏమయ్యా, మొహం అలా వేలాడేశావు?" అంది అక్క.

"కళ్లు పరీక్ష చేయించుకోమన్నారు."

"ఎవరివి?"

"నావే."

అక్క సూదుల గుడ్డ వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. "నీ కళ్లు పోతే నా ఉద్యోగం కూడా పోతుంది కదయ్యా. ఆ సంగతి వాళ్లకి తెలుసా?"

బావ నవ్వలేదు. నవ్వించడానికి ఆయన పెద్ద కష్టపెట్టే మనిషి కాదు, అయినా నవ్వలేదు. "లాంచీ మీంచి దింపేస్తే తాళ్ల కొట్లో వేస్తారట" అన్నాడు. నా వైపు తిరిగి, "ఆ కొట్టుకి కిటికీ కూడా లేదురా" అన్నాడు.

ఆ కొట్టు నాకు తెలుసు. రేవు మొత్తంలో సముద్రం కనపడని గది అదొక్కటే.

"ఏరా కార్యదర్శీ, గుడ్లప్పగించి చూస్తావేం, ఏదో ఒకటి చెయ్యి" అంది అక్క.

"కరపత్రం వేస్తానక్కా."

"వెయ్యి. నీ కరపత్రం చదివి పీపా సిగ్గుపడి వెనక్కి పోతుంది."

అని తన ఎర్రగుడ్డ ముక్కల సంచి విదిలించింది. ఆ ముక్కల కోసం రేవంతా అక్క దగ్గరికే వస్తుంది. డ్రైవర్లు లారీల వెనక కట్టుకుంటారు, క్రేనువాళ్లు కొక్కేలకి కట్టుకుంటారు, దుర్భిణి పెద్దాయన కూడా ఒకసారి టవరు దిగొచ్చి పట్టుకెళ్లాడు. ఆ రోజు మాత్రం సంచిలో ముక్కలన్నీ మళ్లీ కుక్కేసి, "ముందు పోయి ఆ రూలుకర్రతో మాట్లాడండి, నోరుంది కదా" అంది.

వెళ్లాం. రూలుకర్ర గదిలో మూడు కుర్చీలుంటే ఒకదాంట్లో ఆయన, రెండింట్లో ఫైళ్లు కూర్చునున్నాయి. మేం నిలబడ్డాం.

"చూడు సరంగూ, నీ మీద నాకేం కోపం లేదు" అన్నాడు. "నూట నలభై మూడు రోజుల రిజిస్టరు ఒక పక్క. నువ్వొక్కడివీ ఒక పక్క. నేనేం చెయ్యాలి?"

"పీపా కూడా నా పక్కే సార్" అన్నాడు బావ.

"పోయి చూసి రండి సార్. లాంచీలో పావుగంట" అన్నాను నేను.

"చూడ్డానికి నేనెవర్ని? చూసే మనిషిని గవర్నమెంటు టవరులో పెట్టింది. ఆయన చూస్తాడు, రాస్తాడు. ఆయన రాసింది నేను చూస్తాను."

"పోనీ సర్వే పడవని పంపండి, కొలిచి చెప్తారు."

"సర్వే పడవ కదలాలంటే బోయ్ చోటు తప్పినట్టు రిజిస్టర్లో ఉండాలి. లేదు కదా."

తర్వాత మాకు ఓపిగ్గా పాఠం చెప్పాడు. టవరు కిటికీ ముందు ఒక కుర్చీ ఉంది. కదలకుండా దాని కాళ్లు నేలకి మేకులతో దిగ్గొట్టారు. తల ఆనించడానికి వెనక ఒక చెక్క. అలా కూర్చుని తల ఆనిస్తే, ఎవరు కూర్చున్నా కళ్లు అదే చోటికొస్తాయి. ఎదురుగా కిటికీ అద్దం మీద చొక్కా బొత్తామంత ఎర్ర చుక్క. పీపా ఆ చుక్క వెనక ఉందా, చోటులో ఉన్నట్టు. చుక్క దాటి బయటికొచ్చిందా, జరిగినట్టు. ఉదయం ఆరు గంటలకి దుర్భిణి కూర్చుంటాడు, చూస్తాడు. "బోయ్ చోటులో ఉన్నది" అని రిజిస్టర్లో అచ్చేసే ఉంటుంది. కింద సంతకం పెడతాడు.

"ఎప్పుడో పెద్ద ఇంజనీరు పెట్టిన పద్ధతి. మనిషి పొరపడొచ్చు గానీ మేకు కొట్టిన కుర్చీ పొరపడదు" అన్నాడు రూలుకర్ర.

నాకు ఒళ్లు మండింది. అయినా కుర్చీ మీద తప్పు పట్టడానికి ఏమీ తోచలేదు.

అప్పుడాయన లేచి తలుపు దగ్గరికేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్తాను. కళ్లు బాగుండి తప్పు పక్కనుంచి పోయావనుకో, అది తలబిరుసుతనం. లైసెన్సు పోతుంది. కళ్లు బాగాలేక పోయావనుకో, అది జబ్బు. జబ్బంటే నాకు జాలి. జీతం పైసా తగ్గకుండా తాళ్ల కొట్లో నీడపట్టున కూర్చోబెడతాను. పరీక్షలో కింది రెండు వరసలు కనపడలేదను. నేనేం చెప్పలేదు, నువ్వేం వినలేదు."

"ఉన్న అక్షరం లేదనమంటారు" అన్నాడు బావ.

"నీ మంచికే."

"ఉన్నదాన్ని లేదనడం వస్తే లేని చోట పీపా ఉందని కూడా అనగలను సార్. ఓడే వినదు."

కంటి పరీక్ష రేవు ఆస్పత్రిలో. డాక్టరమ్మ ఒక కన్ను మూయించి గోడమీది పటం చదవమంది. బావ పై నుంచి కిందికి చదివాడు. రెండో కన్ను మూయిస్తే కింది నుంచి పైకి చదివాడు. ఇంక చాలంది డాక్టరమ్మ. చదవమన్నారు కదా అని బావ పటం మూలనున్న ప్రెస్సు పేరు కూడా చదివి, ఫోను నంబరు మొదలుపెట్టాడు.

"అక్కడ ఫోను నంబరుందా?" అంది డాక్టరమ్మ.

ఆవిడ తన కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని, లేచి గోడ దగ్గరికెళ్లి, ముక్కు ఆనించి చూసింది. "పదకొండేళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నాను" అంది, ఎవరితోనో కాదు, తనతోనే. మామూలు మనిషి చూపుకంటే మెరుగు అని సర్టిఫికెట్ రాసిచ్చింది.

బావ తన గొయ్యి తనే తవ్వుకున్నట్టయింది. కళ్లు భేషుగ్గా ఉన్నాయంటే తలబిరుసుతనం రుజువైనట్టే. శుక్రవారం పదింటికి టవరులోనే విచారణ అని కాగితమొచ్చింది. ఫిర్యాదు చేసేది రూలుకర్ర, విచారించేదీ ఆయనే, తీర్పు రాసేదీ ఆయనే. శనివారం ఉదయం నిండా నూనె నింపుకుని పెద్ద ఓడొకటి రావాలి. బావ లైసెన్సు శుక్రవారం పోతే ఆ ఓడ ముందు నడవడానికి, ఓడలకి మంచినీళ్లు మోసే పడవ సరంగుని సిద్ధంగా ఉండమన్నారు. ఆ మనిషి గురించి అందరూ చెప్పే మంచి మాట ఒకటే, జన్మలో రూలు తప్పలేదు. పీపాని ఎడమ చేతికి పెట్టుకుని చక్కగా ఇసుకలోకి తీసుకెళ్తాడు. వెనక నూనె ఓడ.

నేను అయిదొందల కరపత్రాలు అచ్చేయించాను. "సరంగు కళ్లు కాదు, ఆఫీసు కళ్లు పరీక్షించండి" అని పెద్దక్షరాలతో పైన. కింద రూలుకర్రని గురించి నాలుగు మాటలు, అన్నీ నిజమే, మర్యాదవి మాత్రం కాదు. చొక్కా జేబులో ఒక కట్ట కుక్కుకుని శుక్రవారం టవరెక్కాను.

తొంభై నాలుగు మెట్లు. పైకెళ్లేసరికి రూలుకర్ర అడుగుబద్దతో విసురుకుంటున్నాడు. బావ మూల నిలబడ్డాడు. దుర్భిణి పెద్దాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుర్చీని గుడ్డతో తుడిచి, పెళ్లివారొచ్చినట్టు ఎదురు చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన పని చూడ్డానికి ఒకరు మెట్లెక్కి రావడం ఇదే మొదటిసారి.

"ముందు మీరు కూర్చోండి సార్. తల చెక్కకి ఆనాలి. అంతే. ఇప్పుడు చూడండి."

రూలుకర్ర కూర్చున్నాడు, తల ఆనించాడు. "చుక్కలోనే ఉంది" అన్నాడు.

నేను కూర్చున్నాను. ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని అటూ ఇటూ జరగబోయాను. మేకులు జరగనివ్వలేదు. పీపా చుక్క వెనక నిక్షేపంగా దాక్కునుంది.

"సరంగూ, నువ్వు కూడా కూర్చో. తర్వాత చూడనివ్వలేదనకు."

బావ కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. సూది బెజ్జంలోంచి దారం లాగే మనిషి, అబద్ధం చూడలేడు. "చుక్కలోనే ఉంది సార్" అన్నాడు. ఆ మాట అంటూంటే ఆయన గొంతు నేనెప్పుడూ వినని గొంతులా ఉంది. తన కళ్ల మీద తనకే అనుమానం వచ్చిన మనిషి గొంతు.

రూలుకర్ర రిజిస్టరు తెరిచి, అడుగుబద్ద పెట్టి, తీర్పు రాయడానికి గీత కొట్టాడు.

అప్పుడు మెట్ల మీంచి ఆయాసం వినపడింది. అక్క. నెత్తి మీద జెండాల మూట. విచారణ కదా, కొత్త జెండాలు కట్టాలని ఆఫీసే కబురంపింది. మూట దింపి, కొంగుతో మొహం తుడుచుకుని, అందరి మొహాలూ చూసింది. ఏమైందని అడగలేదు. కిటికీ దగ్గరికెళ్లి గాలి పీల్చుకుంటూ, అద్దం మీద చుక్కని గోటితో గీకింది.

"గీకకమ్మా, అది గవర్నమెంటు చుక్క" అన్నాడు దుర్భిణి.

"గవర్నమెంటుదేంటి పెద్దాయనా, నా గుడ్డ ఇది. నేనిచ్చిన ముక్కే. అంచు పోగులు లేకుండా గుండ్రంగా కత్తిరించి ఇమ్మని నన్ను చంపావు కదా."

"అవునమ్మా. గాలివానకి పాత అద్దం పగిలిపోయింది. దాంతోపాటు రంగేసిన చుక్కా పోయింది. కొత్త అద్దం బిగించారు గానీ చుక్క ఎవరు పెడతారు? నేనే పెట్టుకున్నా. జిగురు కూడా నా సొంతం."

"మరి పాత చుక్క ఎక్కడుండేదో నీకెలా గుర్తుంది?" అంది అక్క. ఊరికే అడిగింది. గుడ్డ ముక్క వృథా పోలేదు కదా అన్నట్టు.

దుర్భిణి పెద్దాయన నిటారుగా నిలబడ్డాడు. ఆయన పనితనం గురించి ఒకరడగడం కూడా ఇదే మొదటిసారి. "గుర్తెందుకమ్మా? కుర్చీలో కూర్చున్నాను. తల ఆనించాను. పీపా ఎక్కడుందో చూశాను. సరిగ్గా దానిమీద అంటించాను. వెంట్రుకవాసి తేడా ఉంటే అడుగు."

కింద ఎక్కడో క్రేను గంట కొట్టుకుంటోంది.

బావ మూలనుంచి మెల్లిగా ఊపిరి వదిలాడు.

"అంటే" అన్నాడు రూలుకర్ర. ఆగాడు. "అంటే నూట నలభై మూడు రోజులూ..."

"ఒక్కరోజు కూడా తప్పలేదు సార్. చుక్కలోనే ఉంది" అన్నాడు దుర్భిణి.

రూలుకర్ర ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. నూట నలభై మూడింటిలో అరవై ఒక్కదాని కింద చూసినట్టు సంతకం ఆయనదే. జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని, అడుగుబద్ద కూడా తుడిచాడు. నేను జేబులో కరపత్రాల మీద చెయ్యేశాను. అక్క నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"మనిషి చెమటలు పడుతుంటే నీ కాగితాలేంట్రా" అంది.

చివరికి రూలుకర్ర లేచాడు. "ఇదంతా నోటిమాట. రిజిస్టరు రిజిస్టరే. రేపు ఓడ వస్తుంది. నేను స్వయంగా చూడాలి" అన్నాడు. స్వయంగా అన్న మాట ఆయన నోట్లో కొత్త చెప్పులా కరిచింది.

పోయాం. లాంచీలో బావ, రూలుకర్ర, వెదురుగడ పట్టుకుని నేను. పది నిమిషాలకే రూలుకర్ర మొహం ఫైలు అట్ట రంగులోకి తిరిగింది. పీపాని దాటి బయటికి పోయి, అక్కడ బావ లాంచీని రేవు వైపు తిప్పి, వేగం తగ్గించాడు.

"సార్, పీపాని ఏ చేతికి ఉంచమంటారు?"

"రూలు ఏముంది?"

"ఎడమ చేతికి."

"మరింకేం. రూలు ప్రకారం పోనీ."

"రూలు ప్రకారమే పోతాను సార్. మీరున్నారు కదా."

బావ లాంచీని పీపాకి సరైన పక్కకి తిప్పాడు. నేను ముందు నిలబడి గడ దింపాను. నాలుగు బారల లోతు. ఇంకాస్త పోతే రెండు. "నూనె ఓడకి అయిదు బారల నీళ్లు కావాలి సార్" అని కేకేశాను. ఇంకాస్త పోతే ఒక్క బార. నీళ్లు పచ్చ రంగు పోయి టీ రంగులోకి తిరిగాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. లాంచీ ఇసుక మీద బాతు కూర్చున్నట్టు కూర్చుంది. పీపా మా ఎడమ చేతి పక్కన, అందుకుని షేక్‌హ్యాండ్ ఇవ్వొచ్చన్నంత దగ్గర్లో ఊగుతోంది.

బావ ఇంజను ఆపేశాడు. "రూలు ప్రకారం వచ్చేశాం సార్" అన్నాడు.

పోటు వచ్చి లాంచీ తేలాలంటే ఇంకా ముప్పావుగంట. రూలుకర్ర ఒక పావుగంట సముద్రంలోకి వంగి కక్కుకున్నాడు. ఇంకో పావుగంట పీపా వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "అసలు దారి ఎటు?" అని అడిగాడు.

బావ ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు. "ఆ నీళ్ల ట్యాంకు చూడండి సార్. దాని వెనక పొగగొట్టం. ఇక్కడినుంచి రెండూ విడివిడిగా కనపడుతున్నాయి కదా. ఎక్కడైతే ట్యాంకు వెనక పొగగొట్టం దాక్కుంటుందో అదే దారి. వాటికి మాత్రం ఎవరూ చుక్కలు పెట్టలేదు."

"రేపు నువ్వే తీసుకురా ఓడని."

"నోటిమాట కదా సార్" అన్నాడు బావ. ఎకసెక్కం కాదు. నిజంగానే అడిగాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు.

రూలుకర్ర జేబులు తడుముకున్నాడు. పెన్నుంది, కాగితం లేదు. నా వైపు చూశాడు. నా దగ్గరేమో కాగితాలకి లోటు లేదు. ఒక కరపత్రం తీసి తెల్లగా ఉన్న వెనకవైపు పైకి పెట్టి ఇచ్చాను. అడుగుబద్ద కింద పెట్టుకుని రాశాడు: "మూడో నంబరు బోయ్‌ని తిరిగి చోట పెట్టువరకు పైలట్ లాంచీ సరంగు తన కళ్లతో చూచి నడపవలెను." సంతకం, తేదీ. తర్వాత అలవాటుగా కాగితం తిప్పి చూశాడు.

చదివాడు. పైనున్న పెద్దక్షరాలూ చదివాడు, కింద తనని గురించిన నాలుగు మాటలూ చదివాడు. నేను వెదురుగడ గట్టిగా పట్టుకున్నాను.

"'బాధ్యతారహితమైన'లో త కి దీర్ఘం ఉండాలయ్యా" అన్నాడు. కాగితం మడిచి బావ చేతికిచ్చాడు.

పోటొచ్చింది. లాంచీ తేలింది. బావ చక్రం పట్టుకుని, పీపాని తప్పు పక్కకి వదిలేసి, మమ్మల్ని ఒడ్డుకి తెచ్చాడు. దారి పొడుగునా ఏదో కూనిరాగం తీశాడు. అది పాటో ఇంజను చప్పుడో నాకు తెలియలేదు గానీ ఆ మనిషి గొంతు మాత్రం వెనక్కొచ్చింది.

తర్వాత టవరు రిజిస్టరు చూశాను. ఆ శుక్రవారం మేం ఇసుకలో కూర్చున్న వేళకి ఎదురుగా దుర్భిణి చేతిరాత: "పైలట్ లాంచీ సరైన పక్కనుంచి వచ్చినది. తప్పులు లేవు."

శనివారం నూనె ఓడ బావ వెనకాల బుద్ధిగా వచ్చింది. పైలట్ "బోయ్ ఎడమ చేతికి ఉంచి వచ్చితిమి" అని రాసుకున్నాడు. దాని తాళ్లు నేనే అందుకున్నాను. సోమవారం క్రేను పడవ పోయి పీపాని లంగరుతో సహా లేపి, బావ చూపించిన చోట దింపింది. సర్వే పడవ కొలిచి, సరిగ్గా పాత చోటే అని చెప్పింది.

బావ లైసెన్సు ఉంది. కరపత్రం ఫైల్లో ఉంది. రెండు వైపులా నకలు తీయించి పెద్దాఫీసుకి కూడా పంపారు. సంఘం పెట్టాక మా కరపత్రం పెద్దాఫీసు దాకా పోవడం అదే మొదటిసారి.

మంగళవారం పొద్దున ఇంట్లో బావ సూదులు పట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిదో సూదిలో దారం ఎక్కిస్తూండగా ప్యూను వచ్చి కవరిచ్చాడు. సముద్రానికి పది గజాల్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ గవర్నమెంటు కవరు చూస్తే మాత్రం ఇప్పటికీ నీళ్లు నముల్తాడు.

"చదివి చెప్పవయ్యా" అంది అక్క.

బావ చదివాడు. ఆ రోజు ఉదయం ఆరు గంటలకి టవరు నుంచి చూడగా మూడో నంబరు బోయ్ చుక్కలో లేదు. చోటు తప్పినది. ముప్ఫై ఏళ్లలో ఇది మొదటిసారి. దానికి ఆఖరున చోటు చూపించిన వ్యక్తి సరంగు కనుక మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

నేను లేచి నిలబడ్డాను. "ఆ ముసలాయనకి మతి ఉందా? మొన్ననే కదా అంతా తేలింది."

"తేలింది గానీ చుక్క తియ్యమని ఆర్డరు వచ్చిందా?" అన్నాడు బావ. "రాలేదు. వచ్చేదాకా ఆయన చుక్కనే చూస్తాడు. ఆయన తప్పేముంది."

అక్క సంచిలోంచి ఎర్రగుడ్డ ముక్క తీసింది. అంచు పోగులు లేకుండా గుండ్రంగా కత్తిరించింది. కత్తెర సంచిలో వేసుకుని, కొంగు దోపుకుని లేచింది.

"ఎక్కడికే?" అన్నాడు బావ.

"తొంభై నాలుగు మెట్లెక్కడానికి. నువ్వు లాంచీ తీసుకుని పీపా దగ్గర నిలబడు. ఆ పెద్దాయన కుర్చీలో కూర్చుని చూస్తాడు, నేను అంటిస్తాను. ఆర్డరు సంగతి నీ బామ్మర్ది చూసుకుంటాడు, కరపత్రాలు నాలుగొందల తొంభై తొమ్మిది మిగిలాయి కదా." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "మిగతా నాలుగు సూదులూ ఎక్కించి పోవయ్యా. నీ కళ్లు ఉన్నాయో లేదో వాళ్లు మళ్లీ మొదలెట్టేలోపు."

బావ తొమ్మిదో సూది వెలుగుకేసి పెట్టి పట్టుకున్నాడు. ఒక్కసారికే ఎక్కింది.